షెడ్డు వైపు తిరిగిన బాకా

నేను ఒక బాకాని. పెళ్లి పందిట్లో గుంజకు, ఎన్నికలప్పుడు ఆటో నెత్తిన కట్టి ఉంటుందే, ఆ వెడల్పు మూతి బాకాని. జనం నన్ను మైకంటారు. నిజానికి మైకంటే మాట్లాడే మనిషి నోటి దగ్గర పెట్టుకునేది, నాకూ దానికీ మధ్య బోలెడంత తీగ ఉంది. ఆ తేడా చెప్పినా ఎవరికీ పట్టదు కాబట్టి మీరూ మైకనే అనుకోండి. ఏ పేరుతో పిలిచినా నా బతుకొక్కటే. ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని మెల్లగా అన్నది నేను గొంతు చించుకుని అరవాలి. సొంతంగా ఒక్క ముక్క అనడానికి లేదు. ఇన్నేళ్ల తర్వాత నా మాట నేను చెప్పుకోవడం ఇదే మొదలు, కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి.

పుట్టింది ఢిల్లీ దగ్గర ఏదో కార్ఖానాలో. అల్యూమినియం రేకును అచ్చు మీద తిప్పి తిప్పి నొక్కి నాకీ మూతి తెప్పించారు. బూడిదరంగు పూసి, వెనకాల బరువైన డబ్బా ఒకటి బిగించి, హిందీలో రెండు ముక్కలు అరిపించి, పనికొస్తానని ముద్రేసి లారీ ఎక్కించారు. టెక్కలిలో అప్పలసూరి అనే మైకుసెట్టు ఆసామి నన్ను కొన్నాడు. మంచివాడు, తాగితే ఇంకా మంచివాడు. అతని చేతిలో నేను అరవని అరుపు లేదు. పెళ్లికి పాటలు, చావుకు భజనలు, తప్పిపోయిన మేక ఆనవాళ్లు, ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీ, సాయంత్రం ఇంకో పార్టీ. పొద్దున దుమ్మెత్తిపోసిన మనిషినే సాయంత్రం దేవుడని పొగిడేదాన్ని. సిగ్గు అనేది నాకు అప్పుడే పోయింది. తర్వాత డీజే పెట్టెలొచ్చాయి. నా మొహం చూసే దిక్కు లేకపోయింది. అప్పలసూరి నన్ను తుడిచి, కాస్త రంగేసి, పలాస అవతల ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి అమ్మేశాడు.

ఫ్యాక్టరీ యజమాని గోవర్ధనం షావుకారు. పాతకాలం మనిషి, మాట పొదుపు. నన్ను పిక్కలు కొట్టే షెడ్డు ఎదుట గుంజకు కట్టించాడు. మూతి షెడ్డు వైపు, వీపు ఆఫీసు వైపు. ఆఫీసు గదిలో బల్ల మీద మైకు ఉంటుంది. స్విచ్చి ఆపేస్తే నేను మూగదాన్నవుతాను గానీ చెవిటిదాన్ని కాను, ఆ గదిలో అనుకున్నదంతా తీగ పట్టుకుని నా దాకా వస్తూనే ఉంటుంది. షావుకారు పగలంతా రేడియో పాటలు పెట్టించేవాడు. మధ్యాహ్నం "అన్నాలకి లేవండి" అనేవాడు. నా ద్వారా ఆయన చేసిన అతి పెద్ద ప్రసంగం "రేపు సెలవు" అన్నది. ఆ మాట అరిచిన రోజు షెడ్డులో ఆడవాళ్లు నా వైపు చూసి నవ్వేవారు. నేను పలికిన మాటకు జనం మనసారా నవ్వడం పెళ్లి పందిళ్లలో కూడా చూడలేదు.

ఆ షెడ్డులో పనేమిటో చెప్పాలి, లేకపోతే ఈ కథ మీకు అంటదు. ఆడవాళ్లు వరసలుగా కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందు ఒక రాయి, చేతిలో చిన్న కొయ్య సుత్తి, పక్కన బూడిద తట్ట. కాల్చిన జీడి పిక్కను రాయి మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పైడొల్ల విడిపోవాలి, లోపలి పప్పు మాత్రం చెక్కుచెదరకూడదు. గుండుగా వస్తే మంచి ధర. ముక్కలైతే షావుకారు మొహం మాడుతుంది. ఆ డొల్లలోంచి జీడి కారుతుంది, నల్లగా, జిగటగా. అది తగిలిన చోటల్లా చర్మం కాలి పొక్కుతుంది. అందుకే చేతులకు బూడిద రాసుకుంటారు. బూడిద ఎంతసేపు కాపాడుతుంది చెప్పండి? మధ్యాహ్నానికల్లా అందరి అరచేతులూ నల్లబడిపోతాయి. మీరు పాయసంలోంచి ఏరుకుని తినే పప్పు ఆ చేతుల్లోంచే వస్తుంది. తినండి తినండి, వద్దనడానికి నేనెవర్ని.

కూలి తూకం మీద. సాయంత్రం మేస్త్రి కాటా పెడతాడు, ఎవరి డబ్బాలో ఎంత పప్పుంటే వాళ్లకంత. అయితే ఆ షెడ్డులో ఒక అలవాటుంది, నేనొచ్చేసరికే ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, బిడ్డకు జ్వరమొచ్చి ఆలస్యమైనా, కాటాకు ముందు ఒక్కొక్కరూ లేచి తమ డబ్బాలోంచి ఒక గుప్పెడు పప్పు తీసి ఆ మనిషి డబ్బాలో వేసి వెళ్తారు. అడగడం లేదు, చెప్పడం లేదు. "గుప్పెడెయ్యడం" అంటారు దాన్ని. తన కూలిలోంచి తీసి పక్కదాని కూలిలో వేయడమన్నమాట. మేస్త్రి చూసీ చూడనట్టు దగ్గి అటు తిరిగేవాడు. అతని పెళ్లాం నిండు నెలల్లో ఆ షెడ్డులోనే పని చేసింది, ఆవిడ డబ్బా నింపింది ఈ గుప్పెళ్లే.

ఈ గుప్పెళ్లకు పెద్ద దాలమ్మ. షెడ్డులో అందరికంటే వయసు మళ్లిన మనిషి. ముందు పళ్లు లేవు, నోటికి తాళమూ లేదు. షావుకారునైనా సరే మొహం మీద అనేసేది. పని మాత్రం నిదానం. ఒక్క పిక్కనూ ముక్క చేయదు, ఒక్క పిక్కనూ తొందరగా కొట్టదు.

దాలమ్మ పక్కన కాంచన. మొదటి కాన్పు అయి నెలలు తిరక్కుండానే పనిలోకి వచ్చేసింది. మొగుడు చెన్నైలో మేడల పనికి పోయాడు, పిల్లను అత్త చూసుకుంటుంది. కాంచన చర్మానికి జీడి బొత్తిగా పడదు. అందరికీ పొక్కులైతే ఆమెకు పుళ్లు. ఎంత కడిగినా ఆ చేతుల్లోంచి జీడి వదలదు, ఆ చేతులతో ముట్టుకుంటే పసిపిల్ల ఒళ్లంతా దద్దుర్లు. అందుకని ఇంటికి వెళ్లగానే రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుని పిల్లను ఎత్తుకునేది. "నా సెయ్యెలాగుంటాదో దానికి తెల్దప్పా, గుడ్డనే అమ్మనుకుంతంది" అని దాలమ్మతో చెప్పుకుని ఒకరోజు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె కోరికల్లా ఒక్కటే, ఆవరణకు అవతలి పక్కనున్న గ్రేడింగు హాలులో ఒక కుర్చీ. అక్కడ పొట్టు తీసిన తెల్లటి పప్పును సైజుల వారీగా వేరు చేస్తారు. ఫ్యాన్లుంటాయి, జీడి ఉండదు, ఉద్యోగం పర్మనెంటు. ఆ కుర్చీలు ఊరికే ఖాళీ అవవు.

షావుకారుకు మోకాళ్లు పడిపోయాక అల్లుడొచ్చాడు. పేరు హిమతేజ. షెడ్డులో అందరూ అల్లుడుబాబు అనేవారు. విశాఖలో ఎంబీయే చదివి, బెంగళూరులో ఏదో కంపెనీలో ఉద్యోగుల చేత ఇంకా ఎక్కువ పని ఎలా చేయించాలో చెప్పే ఉద్యోగం చేశాడట. చెడ్డవాడని మాత్రం అనను. వచ్చీ రాగానే చల్లటి నీళ్ల మిషను పెట్టించాడు, షెడ్డు కప్పు బాగు చేయించాడు. కానీ రేడియో తీసేశాడు. పాటల బదులు నా నోట "గుడ్ మార్నింగ్ టీం!" అని పలికించడం మొదలెట్టాడు. జీడి బూడిదలో కూర్చున్న ఆడవాళ్లు ఎవరిని పిలుస్తున్నాడోనని వెనక్కి తిరిగి చూసుకునేవారు.

గ్రేడింగు హాలులో ఒకావిడ పని మానేసింది. ఆ మర్నాడు అల్లుడుబాబు మైకు అందుకున్నాడు.

"టీం! అందరూ జాగ్రత్తగా వినండి. ఈ నెల ఎవరి అవుట్‌పుట్ ఎక్కువుంటే వాళ్లకి గ్రేడింగ్‌లో పర్మనెంట్ సీట్. ఇది మీ ఇన్సెంటివ్. కష్టపడండి, ఎదగండి!"

నేను చెవులు చిల్లులు పడేలా అరిచాను. షెడ్డులో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఏటంతన్నాడు మేస్త్రీ?" అని దాలమ్మ కేకేసింది. "ఎవులు ఎక్కువ తూకం తెస్తే ఆళ్లకి గ్రేడింగులో కుర్సీ" అని మేస్త్రి విడమరిచాడు. అంతే, సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ తూకంతో తర్వాత తను ఏం చేస్తాడో మాత్రం అల్లుడుబాబు చెప్పలేదు. ఆ రోజుకి అతనికీ తెలియదనుకుంటాను.

మొదటి నాలుగు రోజులు చూడాలి, అబ్బో! సుత్తుల మోత వడగళ్ల వానలా ఉండేది. నీళ్లకు కూడా లేవలేదు ఎవరూ. మంచి పిక్కలున్న బస్తా కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. గుప్పెడెయ్యడం ఆగిపోయింది. అందరికంటే ముందు ఊర్వశి. పేరుకు తగ్గ మనిషేమీ కాదు, నల్లగా, బలంగా, రెండు జడలేసుకుని ఉంటుంది. షెడ్డులో ఆమె చేతివేగం ఎవరికీ లేదు, కుర్చీ తనదేనని ఆమెకూ తెలుసు, అందరికీ తెలుసు. అల్లుడుబాబు ఆఫీసు అద్దాల్లోంచి చూసి మురిసిపోయాడు.

ఐదో రోజు అన్నాల దగ్గర దాలమ్మ గిన్నె పక్కన పెట్టేసింది.

"ఓలె, సూడండి. ఆ కుర్సీలో ఒకర్తే కూకుంతాది. ఇంతమందిమి కొట్టుకు సస్తే ఏటొస్తాది? అవుసరమున్న దానికి పోనీండి."

"ఎవులికప్పా అంత అవుసరం?" అంది ఊర్వశి.

"నీ సేతులు సూపించు."

ఊర్వశి రెండు చేతులూ చాపింది. నల్లటి పొక్కులు, మామూలే. "కాంచనా, నువ్వూ సూపించు" అంది దాలమ్మ. కాంచన చూపించలేదు, కొంగు కింద దాచుకుంది. ఊర్వశి ఆ కొంగు వైపు చాలాసేపు చూసింది. "నానేటి పాపం సేసినాను? నాకూ పిల్లలున్నారు, నావీ సేతులే" అని గిన్నె విసురుగా సర్దుకుని వెళ్లిపోయింది. ఆమె మీద నాకు కోపం రాలేదండీ. ఆమె అన్నదీ న్యాయమే. కానీ ఆ సాయంత్రం కాటాకు ముందు అందరికంటే ముందు లేచింది ఆమే. కాంచన డబ్బాలో ఒకటి కాదు, రెండు గుప్పెళ్లు వేసింది. కాంచన కళ్లు తుడుచుకుంటుంటే మొహం చూడకుండా, "ఏడుపాపు, పప్పు తడిసిపోతాది" అని కసిరి వెళ్లింది. ఆమె వెనకాల అందరూ.

ఇక ఆ నెలంతా అదే పని. నీళ్లకు లేచినవాళ్లు గుప్పెడు వేసేవారు, బూడిద కోసం వచ్చినవాళ్లు గుప్పెడు వేసేవారు. రోజూ సాయంత్రం కాంచన తూకం చూసి అల్లుడుబాబు నోరు తెరిచేవాడు. "కాంచన గారు ఈ రోజు కూడా ఫస్ట్! గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్!" అని నా చేత అరిపించేవాడు. షెడ్డంతా చప్పట్లు. ఆ చప్పట్లు నిజమైనవి, అది నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను, నాకు చెయ్యీ గుండే ఉంటే. అల్లుడుబాబు అదంతా తన మాటల మహిమే అనుకున్నాడు. గదిలో స్నేహితుడితో ఫోనులో, "ఇన్సెంటివ్‌ని సరిగ్గా కమ్యూనికేట్ చేస్తే చాలు బ్రో, మనిషి లోపలున్న శక్తంతా బయటికొస్తుంది" అంటుంటే విన్నాను. షెడ్డు మొత్తం మీద పప్పేమీ పెరగలేదు. అందరి డబ్బాల్లోంచి ఒక డబ్బాలోకి చేరింది, అంతే. కానీ అతను మరోలా లెక్కేసుకున్నాడు. పుళ్లు పడ్డ చేతులతో ఒకామె ఇంత చేస్తుంటే, బాగున్న చేతులున్న మిగతావాళ్లు ఎందుకు తగ్గుతున్నారు? బద్ధకం! ఇంకేముంటుంది?

నెలాఖరున ఆవరణలో మీటింగు పెట్టారు. పొడుగాటి తీగ లాగి మైకు బయటికి తెచ్చారు. కాంచనకు శాలువా కప్పి, గ్రేడింగు హాలు టోపీ చేతికిచ్చి, "ఇంత ఎలా సాధించారో మీ మాటల్లో అందరికీ చెప్పండి" అని మైకు ఆమె మూతి దగ్గర పెట్టాడు.

కాంచన మైకు వైపు వంగింది. "నానొక్కదాన్నే కాదు బాబూ..." అని మొదలెట్టింది. ఆ మాటను నేను ఆవరణంతా వినిపించాను. ఎదురుగా కూర్చున్న దాలమ్మ తల అడ్డంగా ఊపింది. వద్దు, చెప్పకు అని. చెప్తే దొంగ తూకమంటారు, కుర్చీ పోతుంది, మేస్త్రి ఉద్యోగం పోతుంది. కాంచన అది చూసింది. పిల్ల గుర్తొచ్చి ఉంటుంది. "నానొక్కదాన్నే కాదు బాబూ, ఎవులైనా సెయ్యగల్రు. మనసెట్టి సేస్తే వొస్తాది" అనేసింది.

ఆ అబద్ధాన్ని ఎంత గట్టిగా అరిచానో! ఎన్నికలప్పుడు కూడా అంత శుభ్రంగా పలికి ఉండను. దాలమ్మ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

అల్లుడుబాబు మైకు వెనక్కి తీసుకున్నాడు. "విన్నారుగా? ఎవరైనా చేయగలరని మీ కొలీగే చెబుతోంది. ఇంక ఎక్స్‌క్యూజులు వద్దు. వచ్చే నెల నుంచి కాంచన గారి తూకమే అందరికీ టార్గెట్. రీచ్ అయినవాళ్లకి బోనస్. కానివాళ్ల గురించి ఆలోచించాల్సి వస్తుంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాంచన చేతిలో టోపీ పట్టుకుని దాలమ్మ వైపు చూసింది. దాలమ్మ నేల వైపు చూసింది. అందరి గుప్పెళ్లూ కలిస్తే వచ్చిన తూకాన్ని ఒక్కొక్కరి నెత్తినా పెట్టేశాడు మహానుభావుడు. దాన్ని పలికింది నేను. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ మండితే ఏం చేయను, నా పని అరవడమే కదా.

తర్వాతి నెల షెడ్డు షెడ్డులా లేదు. మోత ఉంది, మాట లేదు. తొందరకు పప్పు ముక్కలైపోయేది. ఎవరి దగ్గరా పక్కవాళ్లకు వేయడానికి గుప్పెడు మిగిలేది కాదు. ఒకామె బిడ్డకు విరేచనాలై మధ్యాహ్నం వస్తే అందరూ చూశారు, ఎవరూ లేవలేదు. ఆమె ఖాళీ డబ్బాతో కాటా ముందు నిలబడితే మేస్త్రికి దగ్గు కూడా రాలేదు. సాయంత్రమయ్యేసరికి "ఈ రోజు టార్గెట్ రీచ్ కానివారు" అని పేర్లు చదివేవాడు అల్లుడుబాబు. జనం దారిన పోతూ వినేలా నేను ఆ పేర్లు అరిచేదాన్ని. రోజూ ఆ జాబితాలో అట్టడుగున దాలమ్మ పేరే. నిదానంగా, ముక్క కాకుండా కొట్టే మనిషి, ఆ వయసులో వేగం ఎక్కడి నుంచి తెస్తుంది?

అవతల కాంచన చేతులు మానాయి. కొత్త చర్మం వచ్చింది, లేతగా, గులాబీ రంగులో. ఒకరోజు అత్త పిల్లను గేటు దగ్గరికి తీసుకొచ్చింది. కాంచన గుడ్డ లేకుండా, ఉత్త చేతులతో ఎత్తుకుంది. పిల్ల ఆ అరచేతిని పట్టుకుని నోట్లో పెట్టుకుంది. కాంచన నవ్వుతూనే ఏడ్చింది. షెడ్డులోంచి దాలమ్మ చూసి బోసినోటితో పకపకా నవ్వింది. నేను ఆ గుంజ మీద ఉన్నన్నాళ్లలో చూసిన మంచి ఏదైనా ఉంటే అదే. ఆ సాయంత్రం కూడా దాలమ్మ పేరు చదివారు, ఈసారి "ఫైనల్ వార్నింగ్" అన్న మాట కలిపి.

మర్నాడు కాంచన ఆఫీసు గదిలోకి వెళ్లింది. స్విచ్చి ఆపి ఉంది, మాటలు మాత్రం నా దాకా వచ్చాయి.

"బాబూ, ఆ తూకం నాది కాదు. అందరూ తలో గుప్పెడు ఎయ్యబట్టి అంతొచ్చినాది. ఒక్క మనిసికి అంత రాదు బాబూ. దాలమ్మప్పని తీసెయ్యొద్దు."

అల్లుడుబాబు నవ్వాడు. "మీ మనసు మంచిది కాంచన గారూ. వాళ్ల మీద జాలితో మీ కష్టాన్ని మీరే తక్కువ చేసుకుంటున్నారు. మైకులో అందరి ముందూ మీరే చెప్పారు కదా, ఎవరైనా చేయగలరని. వెళ్లి పని చూసుకోండి."

అబద్ధం నా గొంతులో పడి ఊరంతా వినబడింది కాబట్టి అది నిజమైపోయింది. నిజం నాలుగు గోడల మధ్య మెల్లగా వచ్చింది కాబట్టి అది జాలి అయిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్న వేళ కాంచన మళ్లీ వచ్చింది. గదిలో ఎవరూ లేరు, అల్లుడుబాబు లోపలి అద్దాల గదిలో తలుపులేసుకుని, చెవులకు ఏదో తగిలించుకుని పప్పు కొనే ముంబయి వాళ్లతో మాట్లాడుతున్నాడు. కాంచన స్విచ్చి నొక్కింది.

"అందరూ ఇనండి. నాను అబద్ధమాడినాను. ఆ తూకం నా ఒక్కదాని కష్టం కాదు, మీ గుప్పెళ్లు. అల్లుడుబాబూ, నీకు ఇనబడతందా? ఒక్క జత సేతులకి అంత రాదు బాబూ! ఆ లెక్క తీసెయ్యి!"

నా జన్మలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను. నేను అరవాలనుకుని అరిచిన మాట అదొక్కటే. ఏం లాభం? నా మూతి షెడ్డు వైపుంది. ఆ ఆడవాళ్లకు తెలియని సంగతి అందులో ఒక్కటీ లేదు. ముద్ద నోట్లో పెట్టుకోకుండా వింటూ కూర్చున్నారు. వినాల్సిన మనిషి నా వీపు వెనకాల, అద్దాలవతల, ముంబయి వాళ్ల జోకుకు నవ్వుతున్నాడు. మేస్త్రి పరిగెత్తుకొచ్చి స్విచ్చి ఆపేశాడు.

ఆనక కాంచన మైకు ముట్టుకుందని చెవిన పడి, అల్లుడుబాబు మేస్త్రిని పిలిచి గద్దించి అడిగాడు. మేస్త్రి బెదిరిపోయి, తన మెడ కాపాడుకోవడానికి, తనకు తెలియకుండా పప్పు మార్చుకున్నారనేశాడు. గుప్పెడెయ్యడం ఆఫీసు గదికి వెళ్లేసరికి దొంగతనమైపోయింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఈసారి అల్లుడుబాబు నమ్మాడు. తెల్లమొహం వేశాడు, నీళ్లు తాగాడు, అటూ ఇటూ తిరిగాడు.

"మరి టార్గెట్ తగ్గిస్తారా బాబూ?" అని మేస్త్రి గొణిగాడు.

"ఎలా తగ్గిస్తాం? ఆ లెక్క మీద ఆర్డర్లు ఒప్పుకున్నాం. అనౌన్స్ చేసింది వెనక్కి తీసుకుంటే మన మాటకి వాల్యూ ఏముంటుంది?"

తూకం అబద్ధమని తేలాక మనిషిని తీసేశాడు, తూకాన్ని ఉంచాడు. ఆ సాయంత్రం నా నోట ఆఖరి ప్రకటన చేయించాడు. మోసం చేసినందుకు కాంచనను గ్రేడింగు నుంచి తిరిగి పిక్కల షెడ్డుకు పంపుతున్నామనీ, టార్గెట్ చేరనందుకు దాలమ్మ రేపటి నుంచి రానక్కర్లేదనీ.

దాలమ్మ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది, సుత్తి రాయి మీద పెట్టింది. కాంచన వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. "లెగు. నాకేటైనాదని? ఎలగూ నాకు ఓపిక అయిపోనాది. నువ్వు ఆ పిల్లని నాలుగు దినాలైనా ఉత్త సేతుల్తో ఎత్తుకున్నావు, సాలు" అని లేపింది. గేటు దాటే ముందు ఆగి, నా వైపు చూసి తుపుక్కున ఉమ్మింది. నాకు చేరలేదనుకోండి. చేరినా తప్పులేదు.

కుర్చీ మళ్లీ ఖాళీ కదా. వారం తిరక్కుండా అల్లుడుబాబు అదే ప్రకటన మళ్లీ చేశాడు, ఇంకా తియ్యగా. ఎవరు ఎక్కువ చేస్తే వాళ్లకి సీట్, ఈసారి ఎవరి డబ్బా వాళ్లదే, నిజాయితీగా కష్టపడండి, ఎదగండి. నేను అరిచాను. సుత్తుల మోత ఆగలేదు, పెరగలేదు. ఒక్కరు తలెత్తలేదు. సాయంత్రం తూకం చూస్తే అందరివీ దాదాపు ఒకటే, టార్గెట్‌కు బోలెడంత తక్కువ. మర్నాడూ అంతే. ఊర్వశి అంతటి మనిషి కూడా పక్కదాని డబ్బా వైపు ఓ కన్నేసి, తనది ఎక్కువవుతోందనుకుంటే సుత్తి పక్కన పెట్టి కాళ్లు చాపుకుని కూర్చునేది. వాళ్లు ఎప్పుడు కూడబలుక్కున్నారో నాకు తెలియదు. నా ముందు మాత్రం కాదు. నా ముందు మాట్లాడడం వాళ్లు మానేసి చాలా రోజులైంది.

అందరినీ తీసేద్దామంటే పిక్క కొట్టేవాళ్లు దొరకరు. అల్లుడుబాబు తల పట్టుకున్నాడు. మామగారిని అడిగితే ఆయన "రేడియో పెట్టు" అన్నాడట. అది అతనికి జోకులా అనిపించింది. స్నేహితుడికి ఫోను చేసి గంటసేపు చర్చించాడు. ఇన్సెంటివ్ మంచిదే, టార్గెట్ మంచిదే, మరి లోపం ఎక్కడ? చివరికి కనిపెట్టాడు. "కమ్యూనికేషన్ గ్యాప్ బ్రో. ఆ పాత మైకు గరగరలాడుతోంది. మెసేజ్ వాళ్లకి రీచ్ అవడం లేదు."

అదండీ సంగతి. లోపం నాదట.

నన్ను గుంజ నుంచి విప్పి, గేటు పక్కన పాత ఇనుము వాడి తోపుడుబండిలో పడేశారు. విరిగిన ఫ్యాను రెక్కల మీద, మూతి పైకి పెట్టుకుని పడి ఉన్నాను. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది అతని గోదాములోంచే, ఎవరో కరిగించేదాకా నాకు బోలెడంత తీరిక. ఆ బండివాడు బేరం తెగ్గొట్టుకునేలోపు షెడ్డు ముందు కొత్తవి నాలుగు బిగించారు, నల్లటి పెట్టెలు, నాలుగూ షెడ్డు వైపే. అల్లుడుబాబు తీగ లేని కొత్త మైకు పట్టుకుని స్వయంగా షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. కుర్చీ సంగతి మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పాడు. ఆ పెట్టెల్లోంచి మాట ఎంత స్వచ్ఛంగా వచ్చిందంటే, నాకే అసూయ పుట్టింది.

"ఇప్పుడు వినబడుతోందా అందరికీ?" అని అడిగాడు.

ఊర్వశి తలెత్తింది. "సుబ్బరంగా ఇనబడతంది బాబూ. ఆ పాతదీ బాగానే ఇనబడీది" అంది. వరసల్లో అందరూ అవునన్నట్టు తలలూపారు. అల్లుడుబాబు బొటనవేలు పైకెత్తి చూపించి, నవ్వుతూ వెనక్కి వెళ్లిపోయాడు. కాంచన రెండు చేతులూ బూడిద తట్టలో ముంచి, ఇంకో పిక్క తీసి రాయి మీద పెట్టింది.